ఆఫీసులో మొహమాటం తగ్గించుకుని మన మాట మనం చెప్పడం ఎలా

శుక్రవారం సాయంత్రం ఆరున్నరకి మీరు బ్యాగు సర్దుకుంటుంటే మేనేజర్ కుర్చీ పక్కకొచ్చి నిలబడి "ఇదొక్కటి చూసి పంపేయమ్మా, పెద్ద పనేం కాదు" అంటారు. అది రెండు గంటల పని. ఆ సంగతి మీకు తెలుసు, ఆయనకీ తెలుసు. ఊరికెళ్లే బస్సు ఎల్బీ నగర్‌లో తొమ్మిదింటికి, అమ్మ అప్పుడే ఫోన్ చేసి "బయల్దేరావా" అని అడిగింది కూడా. అయినా నోట్లోంచి వచ్చేది మాత్రం "సరే సార్, చేసేస్తాను". బస్సు వెళ్లిపోతుంది, టికెట్ డబ్బులు పోతాయి, రాత్రంతా ఆయన మీద కోపం, అంతకంటే ఎక్కువ మన మీద మనకే కోపం.

నేను హైదరాబాద్‌లో ప్రైవేటు కంపెనీల అకౌంట్స్ సెక్షన్లలో 14 ఏళ్లుగా పనిచేస్తున్నాను. మొదటి ఆరేళ్లు అచ్చం ఇలాగే గడిచాయి. అందరూ దీన్ని కాన్ఫిడెన్స్ లేకపోవడం అంటారు గానీ నేను ఒప్పుకోను. నాకు పని వచ్చు, ట్యాలీలో (మేం లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) తప్పు ఎక్కడుందో పది నిమిషాల్లో పట్టుకోగలను, ఇంట్లో వాళ్లతో గట్టిగానే మాట్లాడతాను. ఆఫీసులో నా నోరు కట్టేసింది మొహమాటం. చిన్నప్పటి నుంచి "పెద్దవాళ్లకి ఎదురు చెప్పకూడదు", "అడిగితే ఏమనుకుంటారో" అని విని విని మనకు పట్టుకున్న అలవాటు ఇది. అలవాటు అన్నాక నెమ్మదిగా మార్చుకోవచ్చు. ఒక్క రోజులో కాదు, నాకు దాదాపు ఏడాదిన్నర పట్టింది.

ఇంకో మాట ముందే చెప్పాలి. మన మాట మనం చెప్పడం అంటే గొంతు పెంచడం కాదు. ఏడాది పొడవునా తలూపిన మనిషి ఒక రోజు విరుచుకుపడతాడు, మొహమాటస్తులకి ఎక్కువగా జరిగేది ఇదే. నాలుగో ఏట మార్చి నెలాఖరులో, ఆడిటర్లు కూర్చుని ఉండగా, మూడు నెలలుగా దాచుకున్నదంతా ఒక్కసారిగా కక్కేశాను, అరిచాను, ఏడ్చాను. నేను చెప్పిన విషయంలో న్యాయం ఉంది, కానీ ఆ రోజు తర్వాత ఆ ఆఫీసులో అందరికీ గుర్తున్నది నా అరుపే. జనవరిలో మామూలు గొంతుతో రెండు ముక్కలు చెప్పి ఉంటే అంత దూరం వచ్చేది కాదు. అందుకే కింద రాసినవన్నీ చిన్న చిన్న మాటలు, తొందరగా చెప్పాల్సిన మాటలు.

ముందు ఒక వారం రాసుకోండి

ఒక చిన్న నోట్‌బుక్ తీసుకోండి, ఫోన్‌లో వద్దు, పక్కనుంచి ఎవరైనా చూస్తారు. మీకు ఇష్టం లేకుండా "సరే" అన్న ప్రతిసారీ మూడు విషయాలు రాయండి: ఎవరు అడిగారు, నేను ఏమన్నాను, నిజానికి ఏం అనాలనుకున్నాను. విశ్లేషణలేమీ వద్దు, ఒక్కొక్కటి ఒక లైను చాలు.

నా వారంలో 11 లైన్లు వచ్చాయి. అప్పటిదాకా నేను అందరికీ భయపడతాననుకున్నాను. చూస్తే 11లో 8 ఒక్క మనిషివే. ఫోన్‌లోనో మెయిల్‌లోనో అడిగినవాటికి నేను బాగానే జవాబిచ్చాను. ఆయన వచ్చి నా కుర్చీ పక్కన నిలబడి, నేను తలెత్తి చూస్తూ మాట్లాడినప్పుడు మాత్రమే నోరు పడిపోతోంది. అది తెలిశాక నేను చేసిన మొదటి మార్పు ఒక్కటే, ఆయన వస్తే నేనూ లేచి నిలబడటం. మర్యాదగానే కనిపిస్తుంది, పైగా ఇద్దరి కళ్లూ ఒకే ఎత్తులో ఉంటాయి. చిన్న విషయంలా ఉంటుంది గానీ నిలబడి మాట్లాడితే గొంతు కూడా వేరేగా వస్తుంది, ప్రయత్నించి చూడండి.

మీ నోట్‌బుక్‌లో వేరేది బయటపడొచ్చు. కొందరికి ఇంగ్లీషులో అడిగితేనే ఇబ్బంది, కొందరికి పదిమంది ముందు, కొందరికి వయసులో పెద్దవాళ్లయితే, ఇంకొందరికి తమకంటే చిన్నవాళ్లు పై పోస్టులో ఉంటే. ఎక్కడ బిగుసుకుపోతున్నారో తెలియకుండా ఊరికే "ధైర్యంగా ఉండాలి" అనుకుంటే ఏమీ జరగదు.

ఆఫీసు బయట మొదలుపెట్టండి

జోసెఫ్ వోల్పే అని దక్షిణాఫ్రికాలో పుట్టిన మానసిక వైద్యుడు 1950లలో ఒక పద్ధతి చెప్పారు. మనల్ని భయపెట్టే విషయాలను తక్కువ భయం నుంచి ఎక్కువ భయం దాకా వరసగా పేర్చుకుని కింది మెట్టు నుంచి ఎక్కాలి, ఒక మెట్టు అలవాటయ్యాకే తర్వాతి మెట్టు. నోరు తెరిచి చెప్పలేని మొహమాటస్తులకు కూడా ఆయన ఈ రకం శిక్షణే ఇచ్చేవారు. మనం చేసే తప్పు ఏంటంటే, సంవత్సరాలుగా ఒక్క మాట చెప్పనివాళ్లం నేరుగా బాస్ దగ్గర మొదలుపెడతాం. అక్కడ ఎదురుదెబ్బ తగిలితే ఇంకో రెండేళ్లు నోరెత్తం.

నా మెట్లు ఇలా ఉండేవి. కిరాణా కొట్లో చిల్లర బదులు చాక్లెట్ ఇస్తే "చిల్లరే ఇవ్వండి" అనడం. కర్రీ పాయింట్‌లో "మొన్న ఇచ్చిన పప్పు పులిసిపోయిందండీ" అని చెప్పడం. ఆటో అతను సందు మొదట్లోనే దిగమంటే "లోపల దాకా మాట్లాడుకున్నాం కదా అన్నా" అనడం. ఆ తర్వాత ఆఫీసులో పక్క సీటు అమ్మాయికి "ఇప్పుడు కాదు, అరగంట ఆగు" అనడం, మీటింగ్‌లో ఒక్క ప్రశ్న అడగడం, సీనియర్‌కి "ఈ టోటల్ తేడాగా ఉంది సార్" అని చూపించడం, మేనేజర్‌కి ఈ రోజు కుదరదని చెప్పడం, అన్నిటికంటే పైన జీతం అడగడం.

మొదటి మూడు మెట్లకే నాకు నెల పట్టింది. చాక్లెట్ తిరిగి ఇచ్చేటప్పుడు చేయి వణికింది, నిజంగా. కొట్టు అతను మాత్రం ఒక్క సెకను కూడా ఆలోచించకుండా డ్రాయర్‌లోంచి రెండు రూపాయల బిళ్ల తీసిచ్చాడు. నేను భయపడినంతగా ఎదుటివాళ్లు పట్టించుకోవడం లేదని నాకు మొదటిసారి తెలిసింది అక్కడే. మీ మెట్లు మీరే రాసుకోండి, కనీసం ఎనిమిది. వారానికి ఒకటి చాలు.

మీ నోట్లో తిరిగే మాటలు మార్చండి

నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది ఇదే, అందుకే దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను. మొహమాటం మన మాటల్లోనే కూర్చుని ఉంటుంది.

"ట్రై చేస్తాను సార్" అనే మాట తీసుకోండి. మన లెక్కలో అది "కుదరకపోవచ్చు". వినేవాళ్ల లెక్కలో అది "సరే". రేపు పని అవకపోతే తప్పు మనదే అవుతుంది. "చూద్దాం లెండి" కూడా అంతే. కుదరనిది కుదరదనే చెప్పండి, వెంటనే ఎప్పుడు కుదురుతుందో కూడా చెప్పండి: "ఈ రోజు కుదరదు సార్, రేపు పన్నెండుకల్లా ఇస్తాను." మన భాషలో ఒక సుఖం ఉంది, "అండీ" అనో "సార్" అనో చేర్చి ఎంత గట్టి మాటైనా మర్యాద తగ్గకుండా చెప్పొచ్చు. "కుదరదండీ" అన్న మాటకి ఇంతవరకు నా మీద ఎవరూ కోప్పడలేదు.

రెండోది "అయిపోయింది". రిపోర్టు అయిపోయింది సార్, బ్యాంకు రీకన్సిలియేషన్ (బ్యాంకు లెక్కని మన లెక్కతో సరిపోల్చడం) అయిపోయింది సార్. ఎవరు చేశారు? ఆ మాటలో మనిషే లేడు, పని దానంతట అదే అయిపోయినట్టు ఉంటుంది. అదే పొరపాటు జరిగితే మాత్రం "నా వల్లే సార్, సారీ సార్" అని వెంటనే మన పేరు చెప్పుకుంటాం. తప్పుకి నేను, మంచికి ఎవరూ లేరు, ఇలా ఏళ్లు గడిస్తే మనం ఏం చేస్తున్నామో పైవాళ్లకి ఎలా తెలుస్తుంది? "రీకన్సిలియేషన్ నేను పూర్తి చేశాను సార్, మూడు చెక్కులు పెండింగ్ ఉన్నాయి" అనండి. ఇది గొప్పలు చెప్పుకోవడం కాదు, జరిగింది జరిగినట్టు చెప్పడం. మొదట్లో "నేను" అన్నప్పుడల్లా ఇబ్బందిగా ఉంటుంది. ఒక పదిహేను రోజులు ఓర్చుకోండి.

"చిన్న డౌట్ సార్", "ఏమీ అనుకోకండి", "నాకు సరిగ్గా తెలీదు గానీ", ఈ ముందుమాటలు కూడా తగ్గించండి. మీకు తెలిసిన విషయాన్నే తెలీదు గానీ అని మొదలుపెడితే వినేవాళ్లు ఆ మొదటి ముక్కే నమ్ముతారు. మీ మెయిల్స్‌లో ఒకసారి వెతకండి, "జస్ట్", "సారీ" ఎన్నిసార్లున్నాయో. నిజంగా తప్పు చేసినప్పుడు సారీ చెప్పాలి, చక్కగా ఒక్కసారి. లిఫ్ట్‌లో మన కాలు తొక్కినవాళ్లకి కూడా మనమే సారీ చెప్పే అలవాటు ఉంది చూడండి, అది మానాలి.

కుదరదు అనేటప్పుడు తేదీలు మీ పక్కన ఉండాలి

"నాకు చాలా పని ఉంది సార్" అంటే ఎవరూ వినరు, అందరికీ పనుంది. పనిని కాగితం మీద పెట్టి చూపిస్తే మాట వేరు. మా సెక్షన్‌లో నెల ఇలా ఉంటుంది: 7వ తేదీకి టీడీఎస్ (చెల్లింపుల్లోంచి ముందే పట్టుకున్న పన్ను) కట్టాలి, 11లోపు జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల వివరాలిచ్చే జీఎస్‌టీ రిటర్ను), 15కి ఉద్యోగుల పీఎఫ్, ఈఎస్‌ఐ డబ్బులు, 20కి జీఎస్‌టీఆర్-3బీ (నెల మొత్తం లెక్క చూపి పన్ను కట్టే రిటర్ను). 3బీ ఆలస్యమైతే రోజుకి 50 రూపాయల లేట్ ఫీజు, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ. ఈ తేదీలు నేను పెట్టినవి కావు, మేనేజర్ పెట్టినవీ కావు. అందుకే వాటిని చూపించి మాట్లాడితే అది నాకూ ఆయనకూ మధ్య గొడవ అవదు.

నేను మొదటిసారి వద్దన్నది ఒక 18వ తేదీ. పాత మూడేళ్ల వోచర్లు సర్దమన్నారు, రెండు రోజుల్లో. లేచి నిలబడ్డాను. డెస్క్ క్యాలెండర్ చేతిలో పట్టుకుని, "సార్, 20కి 3బీ వెళ్లాలి, ఇంకా 40 బిల్లులు సరిపోల్చాలి. వోచర్లు 21న మొదలుపెట్టి 24కి ఇస్తాను. అవే ముందు కావాలంటే 3బీ ఎవరికి ఇవ్వమంటారో చెప్పండి" అన్నాను. గుండె దడదడలాడుతోంది. ఆయన క్యాలెండర్ వైపు చూశారు, నా వైపు చూశారు, "24కి తప్పకుండా ఇవ్వాలి మరి" అని వెళ్లిపోయారు. అంతే. ఇన్నేళ్లూ నేను భయపడింది ఆ ఒక్క నిమిషానికి.

ఇందులో మీరు గమనించాల్సింది మూడు ఉన్నాయి. కారణం ఒక్కటే చెప్పాను. రెండో కారణం చెబితే ఎదుటివాళ్లు అందులో బలహీనంగా ఉన్నదాన్ని పట్టుకుంటారు. ఎప్పుడు ఇస్తానో నేనే చెప్పాను. ఏది ముందు అనే నిర్ణయం ఆయనకే వదిలేశాను, ఎందుకంటే అది నిజంగా ఆయన పనే. మీరు దుకాణంలో ఉన్నా, ఆస్పత్రిలో ఉన్నా, సాఫ్ట్‌వేర్‌లో ఉన్నా మీ పనికీ ఇలాంటి తేదీలు, లెక్కలు ఉంటాయి. అవి రాసుకుని డెస్క్ మీద పెట్టుకోండి. బలవంతం చేస్తే కొత్త కారణాలు వెతక్కుండా అదే మాట, అదే గొంతుతో రెండోసారి చెప్పండి. 24కి ఇస్తానన్నది మాత్రం 24కి ఇచ్చి తీరాలి, లేకపోతే ఇంకోసారి మీ మాట ఎవరూ నమ్మరు.

ఆలోచించుకునే టైమ్ కావాలంటే అడగండి. "పది నిమిషాలు చూసుకుని చెప్తాను సార్" అనడంలో తప్పేమీ లేదు. మొహమాటస్తుల నోట "సరే" అనే మాట ఆలోచన కంటే ముందు వస్తుంది, ఆ పది నిమిషాలు మనల్ని చాలాసార్లు కాపాడతాయి.

మీటింగ్‌లో, ఇంగ్లీషులో

నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. రివ్యూ మీటింగ్‌లో నా వంతు వచ్చేసరికి తెలిసిన అంకెలు కూడా మర్చిపోయేదాన్ని. దీనికి నేను చేసిన పనులు చెప్తాను. మొదటి రెండు వాక్యాలు ముందు రోజే ఇంగ్లీషులో రాసుకుని, ఇంట్లో బయటికి చదివి, నోటికి పట్టించేదాన్ని. మొదటి వాక్యం తడబడకుండా వస్తే మిగతాది ఎలాగోలా వస్తుంది. మాట దొరకనప్పుడు తెలుగు ముక్క వేసేసి ముందుకెళ్లిపోయేదాన్ని, అంకె సరిగ్గా ఉంటే వ్యాకరణం ఎవరూ చూడరు. మీటింగ్ మొదలైన పది నిమిషాల్లోపు ఏదో ఒకటి మాట్లాడాలని నియమం పెట్టుకున్నాను, అది "ఈ పేజీ ఇంకోసారి చూపిస్తారా" అనేదైనా సరే. ఆలస్యమయ్యే కొద్దీ నోరు తెరవడం కష్టమవుతుంది. అర్థం కాకపోతే అర్థమైనట్టు తలూపకండి, "ఇంకోసారి చెప్పండి సార్, రాసుకుంటాను" అనండి. మనం అడిగాక పక్కన ఇద్దరు కూడా హమ్మయ్య అని పెన్ను తీయడం నేను ఎన్నోసార్లు చూశాను.

ప్రాక్టీసుకి మనుషులు కావాలనుకుంటే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులున్నాయి. 1924లో కాలిఫోర్నియాలో మొదలైన సంస్థ అది, హైదరాబాద్, విశాఖ లాంటి ఊళ్లలో కూడా క్లబ్బులు నడుస్తున్నాయి. అప్పటికప్పుడు ఒక అంశం ఇచ్చి ఒకటి రెండు నిమిషాలు మాట్లాడమంటారు. మనలాగే తడబడేవాళ్ల మధ్య తడబడితే సిగ్గు తొందరగా పోతుంది. అతిథిగా వెళ్లి ఒకసారి చూసి రండి.

మాట్లాడుతుంటే ఎవరైనా మధ్యలో అందుకుంటే, ఆపకుండా, చేయి కాస్త ఎత్తి "ఒక్క నిమిషమండీ, ఇది పూర్తి చేస్తాను" అనేసి అదే ఊపులో కొనసాగించండి. ఆగి, వాళ్లు ఒప్పుకునేదాకా చూడొద్దు.

మీ పని వేరేవాళ్ల పేరు మీద వెళ్తుంటే

ఇది చాలా బాధపెడుతుంది, నాకు తెలుసు. నేను రెండు రాత్రులు కూర్చుని చేసిన వయబిలిటీ షీట్‌ని (ఒక పని గిట్టుబాటవుతుందో లేదో తేల్చే లెక్క) ఒక సీనియర్ తనదిగా చూపించుకున్నారు, నా ఎదురుగానే. నేను ఏమీ అనలేదు. ఇంటికెళ్లి అన్నం కూడా తినలేదు. ఇప్పుడైతే ఏం చేసేదాన్నంటే, అదే మీటింగ్‌లో మామూలుగా "సార్, ఆ షీట్ నేను చేసిందే, మూడో కాలమ్‌లో డౌట్స్ ఉంటే నేను చెప్తాను" అనేదాన్ని. దొంగతనం అనక్కర్లేదు, ఆ సీనియర్ వైపు చూడక్కర్లేదు. షీట్ గురించి మాట్లాడితే చాలు, చేసినవాళ్లకే వచ్చే జవాబులు చేసినవాళ్లే చెప్పగలరు.

ఆ క్షణం దాటిపోతే సాయంత్రం ఒక మెయిల్ పెట్టండి: ఈ రోజు చూపించిన షీట్ అసలు ఫైల్ ఇది, నేను ఫలానా తేదీన తయారు చేశాను, మార్పులేమైనా ఉంటే నాకు చెప్పండి అని. మేనేజర్‌కి, సీసీలో ఆ సీనియర్‌కి కూడా. ఇంకో అలవాటు, ఏ ఫైల్ పంపినా వాట్సాప్‌లో కాకుండా మెయిల్‌లోనే పంపడం. ఎవరు ఎప్పుడు పంపారో అందులో ఉంటుంది.

చేబదులు, టీలు, కేకులు

వీటి గురించి ఎవరూ రాయరు గానీ మన ఆఫీసుల్లో సగం మొహమాటం ఇక్కడే ఖర్చవుతుంది. నెలాఖరున "ఒక రెండు వేలుంటే సర్దు, ఒకటో తారీఖున ఇచ్చేస్తా" అంటారు. ఒకటో తారీఖు వెళ్లిపోతుంది, అడగడానికి మనకే సిగ్గు. ఇవ్వదలచుకోకపోతే "నేను ఆఫీసులో చేబదుళ్లు పెట్టుకోలేదండీ" అని అందరికీ ఒకే మాట చెప్పండి, ఒకరికి ఇచ్చి ఒకరికి లేదంటేనే గొడవ. ఇచ్చి ఉంటే "5వ తేదీకి నాకు ఈఎంఐ ఉంది, నాలుగున పంపించండి" అని తేదీతో మెసేజ్ పెట్టండి.

ఆడవాళ్లకి ఇంకోటి. టీ చెప్పడం, పుట్టినరోజు కేకు తెప్పించడం, మీటింగ్‌లో పాయింట్లు రాయడం, ఇవన్నీ ఎప్పుడూ మనకే వస్తాయి. ఎవరూ కావాలని చేయకపోవచ్చు. "పోయినసారి నేను రాశాను, ఈసారి వేరేవాళ్లు రాస్తే బాగుంటుంది" అని నవ్వుతూనే చెప్పి, పెన్ను కింద పెట్టండి. తర్వాత కాసేపు నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ నిశ్శబ్దాన్ని పూడ్చడానికి మీరే మళ్లీ పెన్ను తీయకండి.

జీతం అడగడం

అడగందే అమ్మైనా పెట్టదంటారు, కంపెనీ పెడుతుందా? కానీ ఎప్పుడు అడగాలన్నది ముఖ్యం. ఏప్రిల్‌లో పెంపు లెటర్లు ఇచ్చే చోట ఏప్రిల్‌లో అడిగితే అప్పటికే ఎవరికెంతో తేలిపోయి ఉంటుంది. జనవరి, ఫిబ్రవరిలో కదపండి.

ఏడాది పొడవునా ఇంకో నోట్‌బుక్ పెట్టండి, ఇందులో మంచివి రాయాలి. ప్రతి శుక్రవారం ఐదు నిమిషాలు. నా పుస్తకంలో ఒక లైను ఇలా ఉంది: జీఎస్‌టీఆర్-2బీలో (సప్లయర్లు అప్‌లోడ్ చేసిన బిల్లుల జాబితా) కనిపించని బిల్లులు పట్టుకుని, సప్లయర్లకి ఫోన్లు చేసి వాళ్ల చేత అప్‌లోడ్ చేయించి, కంపెనీకి 1,80,000 రూపాయల ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్‌టీని మనం కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడం) వచ్చేలా చేశాను. ఆ లైను లేకపోతే నేను "కష్టపడి పనిచేస్తున్నాను సార్" అని మాత్రమే అనగలిగేదాన్ని. ఇంటి అద్దె పెరిగింది, పిల్లల ఫీజులు పెరిగాయి అనే మాటలు నిజమే అయినా అక్కడ పనికిరావు, మీరు చేసిన పనే మాట్లాడాలి.

విడిగా టైమ్ అడగండి, నడవాలో ఎదురైనప్పుడు వద్దు. ఇలా చెప్పండి: "సార్, ఈ ఏడాది నేను ఈ మూడు పనులు అదనంగా తీసుకున్నాను. నెలకి 6,000 పెంచమని అడుగుతున్నాను." అంకె చెప్పాక నోరు మూసుకోండి. ఇది అన్నిటికంటే కష్టం. నేను మొదటిసారి 6,000 అని చెప్పి, ఆయన మాట్లాడే లోపే "పోనీ 4,000 అయినా సార్" అనేశాను, 3,000 వచ్చింది. రెండో ఏడు మాత్రం అంకె చెప్పి, మనసులో ఇరవై దాకా లెక్కపెట్టుకున్నాను. ఆయన కుదరదంటే "ఏం చేస్తే వీలవుతుంది, ఎప్పుడు మళ్లీ మాట్లాడదాం" అని అడిగి తేదీ రాసుకుని బయటికి రండి.

కేకలు వేసేవాళ్ల దగ్గర, అంతకు మించినప్పుడు

కేకలు వేస్తున్నప్పుడు వాదించకండి, వినపడదు. "సార్, మీరు చెప్పేది రాసుకుంటున్నాను, కొంచెం నెమ్మదిగా చెప్పండి" అని పెన్ను తీయండి. అరుపు మధ్యలో రాసుకునే మనిషి కనిపిస్తే చాలామంది తగ్గుతారు. మర్నాడు విడిగా వెళ్లి, "తప్పుంటే చెప్పండి, దిద్దుకుంటాను. అందరి ముందు అలా అనొద్దు సార్" అనండి. కొత్తగా చేరి ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లు, ఇంటికి ఒక్క జీతమే ఆధారమైనవాళ్లు ఈ మాట అనేముందు పరిస్థితి చూసుకోండి. అన్ని ఆఫీసులూ మారవు. కొన్నిచోట్ల ఇంకో ఉద్యోగం చూసుకోవడమే సరైన పని, అందులో ఓటమి ఏమీ లేదు.

ఆడవాళ్లతో అసభ్యంగా మాట్లాడటం, చేయి వేయడం, రాత్రిళ్లు మెసేజ్‌లు, ఇవి మాత్రం మర్యాద మాటలతో సర్దుకునేవి కావు, ఇక్కడ మొహమాటం అసలు పనికిరాదు. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అడ్డుకునే 2013 చట్టం ప్రకారం పదిమంది గానీ అంతకు మించి గానీ పనిచేసే ప్రతిచోటా ఫిర్యాదులు విచారించే ఇంటర్నల్ కమిటీ ఉండి తీరాలి, దానికి సీనియర్ మహిళే అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు ఉండాలి. జరిగిన 3 నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో 3 నెలలు పొడిగించొచ్చు. విచారణ 90 రోజుల్లో పూర్తి చేయాలి. పదిమంది కంటే తక్కువ ఉన్న చోట, లేదా ఫిర్యాదు యజమాని మీదే అయితే, జిల్లా స్థాయిలో లోకల్ కమిటీకి వెళ్లొచ్చు. ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయడానికి ప్రభుత్వ పోర్టల్ షీ-బాక్స్ ఉంది, 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది. మెసేజ్‌లు డిలీట్ చేయొద్దు, తేదీ, టైమ్, ఎవరు చూశారో ఆ రోజే రాసిపెట్టుకోండి.

చెప్పిన రాత్రి

ఏ గైడ్‌లోనూ నాకు కనిపించలేదు గానీ, కుదరదని చెప్పిన రోజు రాత్రి నిద్ర పట్టదు. "అలా అనకుండా ఉండాల్సింది", "రేపు మొహం ఎలా చూస్తాను" అని టెన్షన్. ఆ తర్వాత మేనేజర్ రెండు రోజులు ముభావంగా ఉండొచ్చు కూడా. ఆ రెండు రోజుల్లోనే చాలామంది వెళ్లి "సారీ సార్, చేసేస్తాను ఇవ్వండి" అని మొత్తం వెనక్కి తీసేసుకుంటారు. వెళ్లకండి. గుడ్ మార్నింగ్ మామూలుగా చెప్పండి, పని మామూలుగా చేయండి. ఏం జరుగుతుందని భయపడ్డారో రాత్రే నోట్‌బుక్‌లో రాసి, మూడో రోజు నిజంగా ఏం జరిగిందో పక్కన రాయండి. నా పుస్తకంలో "ఉద్యోగం తీసేస్తారు" అని రాసిన లైను పక్కన "అల్లం టీ తాగుతావా అని అడిగారు" అని ఉంది.

మీ కింద ఎవరైనా పనిచేస్తుంటే, వాళ్లు కూడా మీకు కుదరదని చెప్పగలగాలి. పోయిన నెల 19న మా సెక్షన్‌లో చేరి నాలుగు నెలలైన అమ్మాయిని ఒక స్టేట్‌మెంట్ అడిగాను. కుర్చీలోంచి లేచి నిలబడి, "మేడం, 3బీ సరిపోల్చడం నా దగ్గరే ఉంది, ఈ రోజు కుదరదు. 21 మధ్యాహ్నం మూడింటికి ఇస్తాను" అంది. చేతిలో పెన్ను కొంచెం వణుకుతోంది. సరే అని నా క్యాలెండర్‌లో 21 దగ్గర రాసుకున్నాను.